నానాయ్, తాతాయ్‌లతో కోట నుంచి బిట్రగుంట దాకా

పరదేశంలో ఉద్యోగం అనగానే మన నెల్లూరు జిల్లావాళ్ళకు విమానమెక్కి పోయేవాళ్ళే గుర్తొస్తారు. విమానం దిగి మన కోటకు ఉద్యోగానికి వచ్చేవాళ్ళు కూడా ఉంటారంటే మా బంధువులే నమ్మలేదు. మా మేడమీది గదిలో మూడేళ్ళుగా అద్దెకుంటున్న లిగాయది ఫిలిప్పీన్స్. సముద్రం ఒడ్డున రొయ్య గుడ్లను పొదిగించి పిల్లలను చెరువుల వాళ్ళకు అమ్మే హేచరీలో సాంకేతిక నిపుణురాలు. వయసు ముప్ఫై మూడు. అక్కడి పనివాళ్ళు మొదటి నెలలోనే ఆమెను లింగమ్మను చేసేశారు. నన్ను మాత్రం ఆ పిల్ల అత్తా అని పిలుస్తుంది. ఇంటిగల పెద్దావిడను అత్తా అనడం మన వైపు మామూలే కనుక నేను దాని గురించి ఎప్పుడూ ఆలోచించలేదు.

ఈ ఫాల్గుణంలో, వరికోతలు మొదలయ్యాక, ఆమె తల్లిదండ్రులు కూతురి దగ్గరకు మొదటిసారి వచ్చారు. నెల్లూరులో రొయ్యల మేత దుకాణం నడిపే మా అబ్బాయి ప్రసాదు నాలుగు రోజులు దుకాణం మూసి కారు తెచ్చాడు. వాడికి నలభై ఏళ్ళు, పెళ్ళి చేసుకోలేదు. నేను బ్యాంకులో పనిచేసి రిటైరైనదాన్ని. ఎక్కడికి పోయినా తేదీ, ధర రాసిపెట్టుకునే అలవాటు ఇంకా పోలేదు. ఈసారి రాసుకున్నవాటిలో సగానికి పైగా ధరలు కావు. నా నోట మాట రాకుండా చేసిన సంగతులు.

చెన్నై నుంచి కోట, సోమవారం

విమానాశ్రయంలో తలుపు తెరుచుకోగానే లిగాయ "నానాయ్" అంటూ పరుగెత్తి ప్యాంటు వేసుకున్న ఒక పొట్టి ఆవిడను పట్టుకుంది. తరువాత "తాతాయ్" అంటూ పక్కనున్న ఆయన చేతిని తన నుదుటికి ఆనించుకుంది.

ప్రసాదు నా చెవి దగ్గరకు వంగాడు. "అమ్మా, ఈ పిల్ల తల్లిని పట్టుకొని నాన్నా అంటుండాదే."

"నాకూ అట్టనే వినిపించింది."

"ఆ పక్కన ఉండేది తాతంట. మరి తండ్రి రాలేదా?"

ఇంటికి వచ్చిన అతిథులు ఎవరో తెలియక, తెచ్చిన రెండు పూలదండలు ఎవరి మెడలో వేయాలో అర్థం కాక నిలబడ్డాం. లిగాయే నవ్వుతూ చెప్పింది. నానాయ్ అంటే వాళ్ళకు అమ్మ. తాతాయ్ అంటే నాన్న. మన నాన్న వాళ్ళకు తల్లి, మన తాత వాళ్ళకు తండ్రి. ఇంత చిన్న విషయానికి నాకు తల తిరిగినట్టయింది.

లిగాయ సామాన్ల బండి తేవడానికి పోయినప్పుడు నానాయ్ నన్ను గట్టిగా కావలించుకుని, చెవిలో "బలాయే" అంది. కూతురు వెళ్ళిన వైపు చూసి పెదవుల మీద వేలు పెట్టుకుంది. వాళ్ళ పలకరింపు కాబోలు, గట్టిగా అనకూడదు కాబోలు అనుకున్నాను. మర్యాదకు నేనూ అంత మెల్లగానే "బలాయే" అన్నాను. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వచ్చిన గంటలోనే పరాయి భాషలో ఒక మాట నేర్చుకున్నానని సంబరపడ్డాను. ఆ తరువాత కూతురు దగ్గర లేనప్పుడల్లా ఆవిడ నన్ను అలాగే పిలిచింది. నేనూ అలాగే బదులిచ్చాను.

కారులో తాతాయ్ ముందు సీట్లో కూర్చున్నాడు. ఆయనకూ మాకూ వచ్చిన భాష ఇంగ్లీషు, అదీ అంతంతమాత్రం. సూళ్ళూరుపేట దాటకముందే ప్రసాదును నెలకు ఎంత మిగులుతుంది, తాగుతావా, జబ్బులేమైనా ఉన్నాయా అని అడిగేశాడు. వాడు నవ్వితే ముందుకు వంగి పళ్ళు చూశాడు. సంతలో ఎద్దును కూడా మనవాళ్ళు ఇంతకంటే మొహమాటంగానే చూస్తారు.

నాయుడుపేట దగ్గర టిఫిన్‌కు ఆగాం. ఇడ్లీ నలభై, దోసె డెబ్భై. తొమ్మిదింటికే తాతాయ్ అన్నం అడిగాడు.

"భోజనం పన్నెండుకు సార్," అన్నాడు సర్వరు.

"పొద్దున అన్నం తినకుండా పనికెట్టా పోతారని అడుగుతుంది," అని లిగాయ తండ్రి మాట చెప్పింది. ఆ పిల్ల మాట్లాడేది మన కోట తెలుగే, కానీ మగవాళ్ళకు కూడా వచ్చింది, పోయింది అంటుంది. వాళ్ళ భాషలో ఆడా మగా తేడా లేదట.

"ఆయన కూర్చునుండేది కారులో గదమ్మా, పనికి పోయేది యాడికి?" అన్నాడు సర్వరు. ఆ మాటను లిగాయ తండ్రికి చెప్పలేదు.

నానాయ్ తన ప్లేటులో వడ తీసి ప్రసాదు ప్లేటులో పెట్టింది. వాడు వద్దంటుంటే రెండోదీ పెట్టింది.

మళ్ళీ బయలుదేరాక, వెనక సీట్లో తల్లి కునుకు తీస్తుంటే లిగాయ నాతో తెలుగులో అంది. "తాతాయ్ నన్ను తీసుకుపోవడానికి వచ్చింది అత్తా. ఈ నెలతో అగ్రిమెంటు అయిపోతుంది. ఇంకా రెండేళ్ళు ఉంటావా, పోతావా, శుక్రవారం చెప్పమని మేనేజరు అడిగింది."

"నువ్వేమన్నావు?"

"చూస్తాను అన్నాను."

ఆ పిల్ల నా సాయం అడుగుతోందని అర్థం చేసుకున్నాను. తాతాయ్ ఇరవై ఆరేళ్ళు ఓడల ఇంజను గదుల్లో పనిచేశాడని, కూతురి చదువంతా ఫోనులోనే విన్నాడని అంతకుముందే చెప్పింది. ఇప్పుడు రిటైరై ఇంట్లో కూర్చుంటే పిల్ల పరదేశంలో ఉంది. ఆయన బాధ న్యాయమైనదే. అయినా ఇక్కడ తన కూతురికి ఏ లోటూ లేదని ఈ నాలుగు రోజుల్లో ఆయనకు చూపించాలని ఆ క్షణమే నిర్ణయించుకున్నాను. బుచ్చి, మైపాడు, బిట్రగుంట తిప్పడం పెట్టుకున్నది అందుకే.

కోట, మంగళవారం

సోమవారం ఒక్కరోజు వదిలిపెట్టారు కానీ లిగాయకు అసలు సెలవు బుధవారం నుంచి. మంగళవారం పొద్దున హేచరీ చూడ్డానికి వెళ్ళాం. తొట్లలో వెంట్రుకంత సన్నటి రొయ్య పిల్లలు కోట్ల కొద్దీ ఉంటాయి. తెల్లకోటు వేసుకుని ఆ పిల్ల గాజు గ్లాసులో నీళ్ళు ముంచి వెలుతురుకు ఎత్తి చూస్తుంటే చుట్టూ నలుగురు ఆమె ముఖం వంక చూస్తూ నిలబడ్డారు. "లింగమ్మ బాగుందంటేనే బండి కదిలేది," అన్నాడు అక్కడి సూపర్‌వైజరు. తాతాయ్ గర్వపడతాడనుకున్నాను. ఆయన కూతురి చేతులనే చూశాడు. మందునీళ్ళకు వేళ్ళ చివర్లు తెల్లగా పగిలి ఉన్నాయి. మూడేళ్ళుగా ఆ చేతులతో కాఫీ అందుకుంటున్నా నేను గమనించలేదు.

మధ్యాహ్నం మా ఇంట్లో మామిడికాయ వేసిన చేపల పులుసు. కొరమీను కిలో అయిదువందల యాభై. నానాయ్ పులుసు చవి చూసి, రెండోసారి పోసుకుని, పళ్ళెం ఎత్తి తాగింది. వాళ్ళకూ చింతపండు పులుసు ఉందట, కారం మాత్రం లేదట. తాగుతూ కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ తాగింది. తరువాత చేప తలకాయను తీసి ప్రసాదు పళ్ళెంలో పెట్టింది. మా ఇంట్లో తలకాయ నాది. ఈ సంగతి తెలిసిన ప్రసాదు నా వంక చూశాడు. నేను తోక ముక్క వేసుకున్నాను.

ఆ సాయంత్రం లిగాయ తొట్లకు మేత వేసే వంతు ఉందని మళ్ళీ పనికి వెళ్ళింది. చీకటి పడుతుండగా నేను కింద అతిథులకు పక్కలు సర్దుతుంటే ప్రసాదు మంచం మీద దిండు కనిపించలేదు. దుప్పటీ లేదు. వెతుక్కుంటూ మేడ ఎక్కాను. నానాయ్ వాటిని లిగాయ మంచం మీద, ఆ పిల్ల దిండు పక్కన, చక్కగా దులిపి సర్దుతోంది. నన్ను చూసి సంతోషంగా "బలాయే" అంది.

డెబ్భై ఒక్క ఏళ్ళ జీవితంలో పెళ్ళికాని ఆడపిల్ల మంచం మీద మా అబ్బాయి దిండును చూస్తానని అనుకోలేదు. అదీ కన్నతల్లి సర్దుతుండగా.  దిండూ దుప్పటీ చంకలో పెట్టుకుని కిందికి దిగాను. మెట్ల దగ్గర వెనక్కి తిరిగితే ఆవిడ నా వంక నిష్ఠూరంగా చూస్తోంది. వాళ్ళ దేశం పద్ధతులు వేరేమో అని ఎంత సర్దిచెప్పుకున్నా ఆ పద్ధతి ఏమిటో ఊహించుకోవడానికి కూడా నాకు ధైర్యం చాలలేదు. ప్రసాదుకు చెప్పలేదు. దిండు ఉతికి ఆరేశానని మాత్రం చెప్పి ఇంకొకటి ఇచ్చాను.

బుచ్చి దారి, బుధవారం

బుచ్చిరెడ్డిపాలెం దగ్గర కోసిన పొలాల్లో బాతుల మంద దిగి ఉంది. తాతాయ్ కారు ఆపమన్నాడు. మడుల మధ్య కర్ర పట్టుకున్న బాతులాయన గుడ్లు అమ్ముతున్నాడు, ఒకటి పన్నెండు రూపాయలు. తాతాయ్ ఒక గుడ్డు తీసి, ఎండకు పెట్టి చూసి, తల అడ్డంగా ఊపాడు.

"ఏం సామీ, ఈ పొద్దు పెట్టినవే," అన్నాడు బాతులాయన.

"అందుకే వద్దంట," అంది లిగాయ. "పొదగేసి పద్దెనిమిది రోజులైనవి ఉన్నాయా?"

"పద్దెనిమిది రోజులకు లోపల పిల్ల కట్టేసుంటాది గదమ్మా."

"అదే కావాలి. ఉడకబెట్టి ఉప్పు వేసుకుని తింటాం."

బాతులాయన నా వంక తిరిగాడు. "ఏందక్కా ఈ పిల్ల చెప్పేది? కళ్ళు, ముక్కు వచ్చుంటాయే."

"నన్నడగబాక నాయనా," అన్నాను. 

లిగాయ ఆ మాట తండ్రికి చెప్పింది. తాతాయ్ ఏదో అన్నాడు. "మీరు చిన్న రొయ్యలు కళ్ళతో, మీసాలతో నమలడం లేదా అంటుంది."

బాతులాయన ఆ గుడ్డును వెనక్కి తీసుకున్నాడు. "అదీ నిజమే సామీ," అని కర్ర అడ్డం పెట్టాడు. "ఐనా మా బాతులకు దూరంగా నిలబడుకోండి. అవి వింటే గుడ్లు పెట్టవు."

ఆ సాయంత్రం మైపాడు సముద్రం దగ్గర తాతాయ్ ఫోటో తీస్తానంటూ కూతురి చేతిని తెచ్చి ప్రసాదు చేతిలో పెట్టాడు. లిగాయ నవ్వి చెయ్యి విడిపించుకుంది. వాళ్ళ నాన్నకు ఫోటోల పిచ్చి అంది. మొక్కజొన్న కంకి ముప్ఫై రూపాయలన్నది తప్ప ఆ సాయంత్రం గురించి నేనింకేమీ రాసుకోలేదు.

బిట్రగుంట, గురువారం

నేను పుట్టింది బిట్రగుంట రైల్వే కాలనీలో. మా నాన్న గార్డు. యంత్రాల మనిషి కదా, తాతాయ్‌కు నచ్చుతుందని అక్కడికి తీసుకుపోయాను. మేమున్న క్వార్టరుకు కప్పు లేదు, లోపల తుమ్మ చెట్టు మొలిచింది. పాత ఇంజన్ల షెడ్డు దగ్గర తాతాయ్ తుప్పుపట్టిన ఇనుము మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డాడు. నాలుగు రోజుల్లో ఆయన ముఖం తేటగా కనిపించింది అప్పుడే. కూతురి సంగతి ఎత్తడానికి ఇదే అదను అనుకున్నాను.

స్టేషనులో బెంచీ మీద కూర్చున్నాం. ప్రసాదు టీలు తెచ్చాడు, కప్పు పది. నేను ఒక కప్పు అందుకుని, ఉత్సాహంలో మెల్లగా అనాలన్నది మరిచిపోయి, "తీసుకో బలాయే," అని నానాయ్‌కు అందించాను.

లిగాయ చేతిలో బిస్కెట్టు ఆగిపోయింది. "ఏమన్నారు అత్తా?"

"బలాయే అన్నాను. మీ అమ్మ నేర్పింది."

"దానికి అర్థం తెలుసా?"

"బాగున్నారా అని కదా?"

"వియ్యపురాలు అని."

ప్రసాదు టీ చొక్కా మీద పోసుకున్నాడు. లిగాయ తల్లి వైపు తిరిగి అడిగింది. తల్లి ముందు తండ్రి వంక చూసి, తరువాత గబగబా మాట్లాడింది. మధ్యలో ఫోను తీసి చూపించింది. వింటున్న కొద్దీ లిగాయకు నవ్వు ఆగలేదు.

"ఫోనులో నేను మిమ్మల్ని అత్తా అంటుంటే నానాయ్ ఆ మాటకు అర్థం వెతికింది. భర్తకు తల్లి అని వచ్చింది. నేను ప్రసాదును పెళ్ళి చేసుకున్నాను, తాతాయ్ కోప్పడుతుందని దాచిపెట్టాను అనుకుంది. నేను చెప్పేవరకు తెలియనట్టు ఉందాం అని ఇద్దరూ విమానంలో ఒట్టు పెట్టుకున్నారు. మీరు కూడా బలాయే అన్నారు గదా, ఇంక అనుమానమే లేదు."

"అందుకేనా నా పళ్ళు లెక్కబెట్టినాడు ఆయన," అన్నాడు ప్రసాదు.

నాకు నవ్వు రాలేదు. దిండు గుర్తొచ్చింది. మంచం మీద దిండు సర్దిన తల్లిని నేను ఏమనుకున్నానో, చంకలో పెట్టుకుని దిగిన అత్తగారిని ఆవిడ ఏమనుకుందో ఒక్కసారిగా తెలిసింది. కొత్త కోడలి గదిలో నుంచి కొడుకు పక్క తీసుకుపోయే రాక్షసిని నేను.

నానాయ్ కూడా నవ్వడం లేదు. టీ పక్కన పెట్టి కూతురితో ఏదో చిన్నగా అంది. లిగాయ నవ్వు తగ్గింది.

"ఏమంటోంది?"

"ఐతే నీకు ఇక్కడ ఎవరూ లేరు గదా, అంటోంది."

తాతాయ్ నాతో నేరుగా ఇంగ్లీషులో చెప్పాడు. కోపంగా కాదు. తీసుకుపోదామనే వచ్చామని, ఇక్కడ పిల్లకు ఒక ఇల్లుంది అనుకుని మనసు మార్చుకున్నామని, అద్దెగది మాత్రమే అయితే అలాంటి గదుల్లో తను ఇరవై ఆరేళ్ళు పడుకున్నానని, అది ఇల్లు కాదని అన్నాడు.

ఆ మాట నాకు తగిలింది. మీ ఫోను సగమే చెప్పింది అన్నాను. మా భాషలో అత్త అంటే భర్త తల్లి మాత్రమే కాదు, తండ్రికి తోడబుట్టింది కూడా అత్తే. మీకు అరవై ఆరు, నాకు డెబ్భై ఒకటి. మీ కూతురు నన్ను మూడేళ్ళుగా అత్తా అంటోంది కనుక నేను మీకు అక్కను. అక్క ఉన్న ఊళ్ళో పిల్లకు ఎవరూ లేరని ఎలా అంటారు?

తాతాయ్ కూతురి వంక చూశాడు. "అతే?" అన్నాడు.

లిగాయ నా వైపు తిరిగింది. "మా భాషలో అక్కను అతే అంటారు అత్తా. మొదటి రోజు నేను మిమ్మల్ని పిలిచింది అదే. మీరు, అతే కాదమ్మా, అత్తా అనాలి అని దిద్దినారు."

నిజమే. దిద్దాను. తప్పు కనిపిస్తే దిద్దకుండా ఉండలేను.

తాతాయ్ టీ కప్పు బెంచీ మీద పెట్టాడు. తరువాత లేచి నా ముందుకు వచ్చి నిలబడ్డాడు. తమ ఇళ్ళల్లో పెద్దక్క మాటే మాట అన్నాడు. తనకు అక్క లేదు. ఉంటే ఇలాంటివి ఆమే తేల్చేది. "మీరు చెప్పండి అతే. పిల్ల ఉండాలా, రావాలా? మీరేది అంటే అది."

జవాబు నా దగ్గర సోమవారం నుంచి సిద్ధంగా ఉంది. కానీ అంత పెద్ద హక్కు చేతిలో పెట్టాక ఒక మాట అడక్కుండా చెప్పకూడదనిపించింది. "లిగాయా, ఉంటానని నీ నోటితో ఒక్కసారి అను. మిగిలింది నేను చూసుకుంటాను."

ఆ పిల్ల పట్టాల వంక చూసింది. "పోవాలని ఉంది అత్తా."

సరిగా వినలేదనుకున్నాను. మళ్ళీ అడిగాను.

"పోవాలని ఉంది. ముందటేడు వానల నుంచి ఉంది."

"మరి ఒక్కనాడూ చెప్పలేదే?"

"ఎట్టా చెప్పేది? నేను వండుకునే వెనిగర్ వాసన కింద మీకు పడదని, నాకోసం మేడ మీద వంటగది కట్టించినారు. వచ్చినోళ్ళకంతా చూపించి, మా లిగాయ ఉన్నన్ని రోజులు నాకు దిగులు లేదు అంటారు. పోయిన ఏడాదే పోదామనుకున్నాను. మీరు అప్పుడే ఆ వంటగదికి టైల్స్ వేయించినారు."

అప్పుడే ఒక గూడ్సు బండి వచ్చింది. ఆ చప్పుడులో ఎవరూ మాట్లాడే వీలు లేకపోయింది. గూడ్సు బండి పోతుంటే పెట్టెలు లెక్కపెట్టడం నాకు పుట్టుకతో వచ్చిన అలవాటు. ఆ రోజు లెక్కపెట్టలేదు. పరదేశం వచ్చిన పిల్లకు నేను చోటిచ్చానని మూడేళ్ళుగా ఊరంతా చెప్పుకున్నాను. చివరి ఏడాది ఆ పిల్ల నన్ను చూసుకోవడానికి ఉండిపోయింది. ఇది నాకు తెలియలేదు. పెద్ద మేనేజర్ల దొంగ సంతకాలు పట్టుకున్నదాన్ని, ఎదురుగా కూర్చుని రోజూ కాఫీ తాగే మనిషి ముఖం చదవలేకపోయాను.

బండి పోయింది. తాతాయ్ ఇంకా నిలబడే ఉన్నాడు.

"తీసుకుపో తమ్ముడూ," అన్నాను.

ప్రసాదు ఆ మాటను ఆయనకు ఇంగ్లీషులో చెప్పాడు. తల్లి ముఖం పట్టుకుని లిగాయ ఏడ్చింది. అది సంతోషమో, బాధో నేను అడగలేదు. ఆ పూట ఇంకొక ప్రశ్న వేసే ధైర్యం నాకు లేదు. తిరుగు దారిలో నెల్లూరు వైపు వస్తున్నాం. ఎక్కడో కోవూరు దగ్గర నానాయ్ తన సీటు బెల్టు తీసి, నా పక్కకు జరిగి, నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది.

మళ్ళీ చెన్నై

నెలాఖరున ముగ్గురినీ ఎక్కించడానికి వెళ్ళాం. తాతాయ్ నాకు ఒక చీర పెట్టాడు. అక్కకు చీర పెట్టాలని ప్రసాదు చెప్పాడట. ధర చీటీ కూడా తీయకుండా ఇచ్చాడు. ఎంతో ఇక్కడ రాయను. లిగాయ అద్దాల తలుపు లోపలికి పోయాక కూడా మూడుసార్లు వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది. నేనూ ఊపాను.

నా పక్కన కొడుకును గల్ఫుకు పంపడానికి వచ్చిన సూళ్ళూరుపేట ఆవిడ నిలబడి ఉంది. లోపలున్న ఆ పిల్లనీ, నన్నూ, ప్రసాదునూ మార్చి మార్చి చూసి, "కోడలా అక్కా?" అని అడిగింది.

"కాదమ్మా," అన్నాను. "మేనకోడలు. మా తమ్ముడి కూతురు."